నల్గొండలో ఛాతీ ఫిజియోథెరపీ: సిస్టిక్ ఫైబ్రోసిస్‌తో గర్భవతిగా ఉన్న నెలల్లో నేను పొందిన సేవ

నాకు సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే, ఊపిరితిత్తులనూ అరుగుదలనూ దెబ్బతీసే జన్యు జబ్బు ఉందని పన్నెండో ఏట హైదరాబాద్‌లో చేసిన, చెమటలో ఉప్పు ఎంతుందో చూసే పరీక్షలో తేలింది. మా అమ్మానాన్నలది మేనరికం. ఇద్దరిలోనూ దాగి ఉన్న జన్యులోపం రెండు వైపుల నుంచీ నాకు వచ్చింది. అందుకే పిల్లల ఆలోచన వచ్చినప్పుడు ముందుగా మావారికి జన్యుపరీక్ష చేయించి, ఆయనలో ఆ లోపం కనిపించలేదని తెలిశాకే ధైర్యం చేశాము. కాన్పు వైద్యం హైదరాబాద్‌లోనే జరిగినా, వంద కిలోమీటర్లు మాటిమాటికీ ప్రయాణం చేయలేక, నల్గొండలో ఒక ప్రైవేటు ఛాతీ వైద్యశాలకు చెందిన ఫిజియోథెరపీ విభాగానికి నాలుగో నెల నుంచి వారానికి రెండుసార్లు వెళ్లాను.

ఈ జబ్బులో కణాల లోపలికి, బయటికి ఉప్పు, నీరు సరిగా కదలవు కనుక తెమడ జిగురులా గట్టిపడి ఊపిరితిత్తుల్లో నిలిచిపోతుంది. దాన్ని రోజూ బయటికి తీయకపోతే సూక్ష్మజీవులు చేరతాయి. పెళ్లికి ముందు నుంచీ నేను దిండ్లు పెట్టుకొని తల కిందికి ఉండేలా పడుకొని తెమడ తీసుకునేదాన్ని. అక్కడి ఫిజియోథెరపిస్టు మొదటి రోజే దాన్ని మాన్పించారు. గర్భం పెరిగేకొద్దీ ఆ భంగిమలో కడుపులోని పులుపు గొంతులోకి వస్తుందని, ఊపిరి కూడా అందదని వివరించి, ఉప్పునీటి నెబ్యులైజర్ పీల్చిన తరువాత కూర్చునే చేసే శ్వాస పద్ధతిని నేర్పారు: కాసేపు తేలికగా ఊపిరి, తరువాత కొన్ని నిండు శ్వాసలు, చివరగా గొంతు తెరిచి, అద్దం మీద ఆవిరి పట్టించినట్లుగా బలంగా గాలి వదలడం. దగ్గినప్పుడు మూత్రం జారుతోందన్న సంగతి నేను అమ్మకు కూడా చెప్పుకోలేదు. ఆ ఫిజియోథెరపిస్టే మెల్లగా అడిగి, కటి కండరాల వ్యాయామం కూడా నేర్పారు. ఆ ఒక్క ప్రశ్నకు నేను ఆమెకు ఎప్పటికీ రుణపడి ఉంటాను.

ఆహార సలహా విషయంలో మాత్రం తీవ్రంగా నిరాశపడ్డాను. మా జబ్బులో క్లోమగ్రంథి దెబ్బతినడం వల్ల మధుమేహం రావచ్చు కనుక, గ్లూకోజ్ తాగించి చేసే పరీక్షను 12–16 వారాల మధ్య ఒకసారి, 24–28 వారాల మధ్య మరోసారి చేయాలి. రెండోసారి నాకు షుగర్ బయటపడింది. అక్కడి ఆహార నిపుణులు అందరు గర్భిణులకూ ఇచ్చే అచ్చుకాగితమే ఇచ్చి, నెయ్యి, నూనె, నువ్వుల ఉండలు తగ్గించమన్నారు. కొవ్వు సరిగా అరగక, ప్రతి భోజనంతో ఎంజైమ్ గుళికలు మింగుతూ, బరువు పెరగడానికే కష్టపడుతున్న నాకు అది తగిన సలహా కాదు. హైదరాబాద్ వైద్యులు ఆ కాగితాన్ని పక్కన పెట్టించి, భోజనం తగ్గించకుండా ఇన్సులిన్‌తో షుగర్‌ను అదుపు చేశారు. చెమటలో ఉప్పు ఎక్కువగా పోయే మాకు నల్గొండ ఎండల్లో ఉప్పు తగ్గించమనడం కూడా ప్రమాదమేనని వారే చెప్పారు.

రెండో లోపం వేచి ఉండే గది. విడవకుండా దగ్గుతున్న రోగుల పక్కనే నన్ను నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ ఒక్కటి వచ్చినా తల్లికీ బిడ్డకూ ముప్పైన ఈ స్థితిలో, ఛాతీ వైద్యశాలవారికి ఆ మాట గుర్తు చేయవలసి రావడం నాకు బాధ కలిగించింది. అయితే మావారు లిఖితపూర్వకంగా అడిగాక, ఉదయం ఎనిమిదింటికి, ఇతరులు రాకముందే, మొదటి పూట నాకే కేటాయించారు. మౌత్‌పీస్‌లు కూడా ఎవరివి వారే తెచ్చుకునే ఏర్పాటు చేశారు.

శ్వాస వ్యాయామాల కోసం ఈ విభాగానికి నిస్సంకోచంగా వెళ్లవచ్చు. భోజనం, షుగర్ విషయాలు మాత్రం ఈ జబ్బు తెలిసిన వైద్యులనే అడగాలి. నాకు 37వ వారంలో సాధారణ కాన్పు అయింది. బాబు 2.6 కిలోలు ఉన్నాడు, నా పాలే తాగుతున్నాడు. రాత్రి నిద్ర చాలక నా వ్యాయామాలు వెనకబడ్డాయి కనుక, వచ్చే సోమవారం నుంచి మళ్లీ అదే ఉదయం పూటకు పేరు రాయించుకున్నాను.