నాలుగేళ్ల ట్యాబ్లెట్, ఒక మెమరీ కార్డు

నా మొదటి ట్యాబ్లెట్‌కు నాలుగేళ్లు నిండాయి. కెమెరా, ప్రాసెసర్ వంటి సంగతులు అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోను. స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు, పత్రికలు చదువుకోవాలన్న ఒకే ఒక్క కోరికతో దీన్ని కొన్నాను, ఆ కోరిక తీరింది. ఫోన్‌లో పేజీని వేళ్లతో పెద్దది చేసి, వాక్యం పూర్తయ్యేలోగా నాలుగుసార్లు కుడికీ ఎడమకీ జరుపుకుంటూ చదివిన వారికి, పది అంగుళాల తెర మీద పేజీ మొత్తం ఒక్కసారిగా కనబడి, కళ్లు చికిలించకుండానే వత్తులూ దీర్ఘాలూ తెలియడం ఎంత హాయో వేరే చెప్పనక్కరలేదు. అంచుల్లో వేలితో గీతలు గీసుకోవడం, అనుమానం వచ్చిన పదం పక్కన చిన్న గమనిక రాసుకోవడం కూడా త్వరలోనే అలవాటైపోయింది.

అప్పట్లో అడిగినవారికీ అడగనివారికీ నేను చెప్పిన మాట ఒకటుంది: "32 జీబీ చాలు, చాలకపోతే కార్డు వేసుకోవచ్చు." ఆ మాటలో రెండో సగాన్ని ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. మొదటి సగమూ అంత నిజమేమీ కాదు. కేబీ, ఎంబీ, జీబీ అని ఒక్కో మెట్టుకూ వెయ్యి రెట్ల లెక్కన అమ్మే 32 జీబీ, మెట్టుకు 1,024 రెట్ల లెక్కన కొలిస్తే 29.8 మాత్రమే, అందులోంచి సిస్టమ్ వాటా, తీసేయడానికి వీల్లేని యాప్‌ల వాటా పోగా నా చేతికి మిగిలింది సుమారు ఇరవై. స్కాన్ చేసిన పుస్తకంలో ఉండేవి అక్షరాలు కావు, పేజీల ఫొటోలు. అందువల్ల మూడు వందల పేజీల పుస్తకం ఒక్కటే యాభై, అరవై ఎంబీ అవుతుంది, పత్రికల సంపుటాలైతే ఇంకా ఎక్కువ. ఏడాది తిరక్కుండానే ట్యాబ్లెట్ నిండిపోయింది.

64 జీబీ మెమరీ కార్డు కొని పెట్టగానే తెర మీద ఒక ప్రశ్న వచ్చింది: దీన్ని విడిగా వాడుకుంటారా, లోపలి స్టోరేజీలో భాగం చేయమంటారా? 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6.0 నుంచి ఈ సదుపాయం ఉంది, కాకపోతే అన్ని కంపెనీలూ దాన్ని తమ పరికరాల్లో ఉంచలేదు. లోపలి భాగం చేస్తే యాప్‌లు కూడా కార్డులోకి మారతాయి కదా అని సంబరంగా అదే ఎంచుకున్నాను. కార్డు నెమ్మదిగా ఉందని హెచ్చరిక వచ్చినా, ఫరవాలేదని నొక్కి ముందుకు సాగాను. ఆ తర్వాత రెండేళ్లకు పైగా ఏ ఇబ్బందీ రాలేదు.

ఒక రోజు అప్‌డేట్ పూర్తయ్యాక ట్యాబ్లెట్ కంపెనీ గుర్తు దగ్గరే ఆగిపోయింది. రాత్రంతా ఛార్జింగ్‌లో ఉంచినా, బటన్లు కలిపి ఎంతసేపు నొక్కిపట్టినా ఆ గుర్తు కదలలేదు. సర్వీస్ సెంటర్‌కు తీసుకువెళ్తే అక్కడి కుర్రవాడు చూసి, "రీసెట్ చేయాలి సార్, లోపల ఉన్నదంతా పోతుంది, ఫరవాలేదా?" అని అడిగాడు. నేను ధీమాగా కార్డు బయటికి తీసి జేబులో వేసుకుని, "అంతా ఇందులోనే ఉంది, కానివ్వండి" అన్నాను. ఆ కార్డును ఎలా వాడుతున్నానో అతను అడగలేదు, చెప్పాలని నాకూ తోచలేదు.

ఇంటికి వచ్చి కార్డు పెడితే, దాన్ని ఫార్మాట్ చేయాలని, అంటే ఉన్నదంతా చెరిపి కొత్తగా సిద్ధం చేయాలని ట్యాబ్లెట్ అడిగింది. కంప్యూటర్‌కు తగిలిస్తే అదీ అదే మాట అడిగింది. అప్పుడు కూర్చుని చదివితే తెలిసింది: లోపలి స్టోరేజీగా మార్చిన కార్డులో ప్రతిదీ ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే ఎవరూ చదవలేని రూపంలోకి మారుతుంది, దాన్ని విప్పే తాళంచెవి మాత్రం ట్యాబ్లెట్‌లోనే ఉంటుంది. కార్డు దొంగ చేతిలో పడ్డా ఏమీ బయటపడకూడదన్న ఉద్దేశం మంచిదే. కానీ రీసెట్‌తో ఆ తాళంచెవి చెరిగిపోయింది. నా కార్డు ముందు నేనూ ఆ దొంగా ఒకటే.

పుస్తకాలన్నీ నెల రోజుల్లో మళ్లీ సంపాదించుకున్నాను. వాటి అంచుల్లో రాసుకున్నవి రాలేదు. ఒక పాత వ్యాకరణ గ్రంథం మీద మూడు నెలలపాటు రాసుకున్న గమనికలు పోయిన బాధ ఇప్పటికీ తగ్గలేదు, ఆ పుస్తకం మళ్లీ తెరవబుద్ధి కాదు.

ఇప్పుడు కార్డును విడి స్టోరేజీగానే వాడుతున్నాను. చదివే యాప్‌ను కూడా మార్చాను. పాతది గమనికలను తన దగ్గరే దాచుకునేది, ఇప్పటిది పీడీఎఫ్ ఫైల్‌లోనే రాస్తుంది, కనుక ఆదివారం ఆ ఫైళ్లను కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుంటే చాలు. తెరను మెచ్చుకున్నాను కానీ, రెండు నిలువు వరుసల్లో అచ్చయిన పత్రికలకు అది చాలదు. పొడవు వెడల్పుల నిష్పత్తి 16:10 ఉన్న ఈ తెరను నిలువుగా పట్టుకుంటే పైనా కిందా ఖాళీ మిగిలి, అక్షరం మాత్రం చిన్నదే అవుతుంది.

మళ్లీ కొంటే 4:3 తెర, కనీసం 128 జీబీ ఉన్నది చూస్తాను, కార్డుకు చోటు లేకపోయినా పట్టించుకోను. వీడియోలు చూడటానికి, పిల్లల పాఠాలకు కొనేవారికి ఇవేవీ అవసరం కాకపోవచ్చు. వారికి 16:10 తెరే నయం. నాలాగా స్కాన్ పుస్తకాల పిచ్చి ఉండి, అంచుల్లో రాసుకునే అలవాటు కూడా ఉన్నవారికైతే, ఇదే ట్యాబ్లెట్ తక్కువలో దొరికితే వద్దనను. కొన్న రోజునే నాకు ఒక మాట చెప్పండి, ఆ ప్రశ్న తెర మీదికి వచ్చినప్పుడు పక్కనే కూర్చుంటాను.