ప్రొవాన్ డే ట్రిప్: మెట్రో టికెట్ రేటుకే మధ్యయుగం నాటి ఊరు

పారిస్ వెళ్ళినవాళ్ళు ఒకరోజు ఖాళీ దొరికితే చాలు వెర్సాయ్‌కి పరిగెడతారు, కానీ పాత ఊళ్ళు, కోటగోడలు ఇష్టమైతే మాత్రం గార్ ద లెస్ట్ స్టేషన్‌లో లైన్ పి ట్రైన్ ఎక్కి ప్రొవాన్ వెళ్ళండి. గంటన్నర లోపే దింపేస్తుంది, మధ్యలో మారక్కర్లేదు. 2025 జనవరిలో పారిస్ ప్రాంతం ట్రైన్ టికెట్లకి (ఎయిర్‌పోర్టులవి తప్ప) ఒకే రేటు పెట్టేశారు, అప్పట్లో 2.50 యూరోలు, అంటే మెట్రోలో రెండు స్టాపులకి ఎంతో, దాదాపు 80 కిలోమీటర్ల అవతలున్న ఈ ఊరికీ అంతే!

ట్రైన్ మామూలు లోకలే, రిజర్వేషన్ గట్రా ఏమీ ఉండవు, పారిస్ దాటాక కిటికీలోంచి అన్నీ పొలాలే. సర్వీసులు గంటకొకటి అన్నట్టు ఉంటాయి, రిటర్న్ టైమ్ ముందే చూసి పెట్టుకోండి.

స్టేషన్ దిగువ ఊళ్ళో ఉంటుంది, అసలు సరుకంతా ఎగువ ఊళ్ళో, పావుగంటకి పైనే ఎక్కాలి, మోకాళ్ళ నొప్పులుంటే కాస్త ఆలోచించుకోండి. 12, 13 శతాబ్దాల్లో షాంపేన్ అనే ప్రాంతపు ప్రభువుల కింద ఇక్కడ పెద్ద పెద్ద సంతలు జరిగేవి, ఇటలీ నుంచీ ఫ్లాండర్స్ (ఇప్పటి బెల్జియం వైపు) నుంచీ వ్యాపారులొచ్చి బట్టలు, మసాలాలు అమ్ముకునేవాళ్ళు. తర్వాత సంతలు పడిపోయాయి, డబ్బు ఆగిపోయింది, సాం కిరియాస్ చర్చి చూస్తే తెలిసిపోతుంది, సగంలో ఆపేసినట్టే ఉంటుంది. నా లెక్కలో ఆ పేదరికమే ఊరిని కాపాడింది, డబ్బుంటే అన్నీ పడగొట్టి కొత్తవి కట్టేసేవాళ్ళు కదా. 2001లో యునెస్కో లిస్టులోకి కూడా ఎక్కింది.

సీజర్ టవర్ తప్పకుండా ఎక్కండి, పేరే గానీ సీజర్‌కీ దానికీ సంబంధం లేదు, 12వ శతాబ్దంలో కట్టింది, ఒకప్పుడు జైలు కూడా. మెట్లు ఇరుకు, నిటారు, పైనుంచి మాత్రం ఊరు, పొలాలు అన్నీ కనిపిస్తాయి. భూమి కింద సొరంగాలు గైడ్‌తోనే చూడాలి, ఉన్నిబట్టల జిడ్డు తీసే మట్టి కోసం తవ్వారంటారు, ఫ్రెంచ్ రాకపోతే సగం అర్థం కాదు. టవర్, సొరంగాలు, పాత ధాన్యాగారం కలిపి ఒకే పాస్ ఇస్తారు, అన్నీ చూసేట్టయితేనే తీసుకోండి. నన్నడిగితే అన్నిటికన్నా బాగున్నది పైసా ఖర్చు లేని కోటగోడ, సాం జాన్ గేటు నుంచి జూయీ గేటు దాకా గోడ వెంట నడిస్తే చాలు, ట్రిప్ డబ్బులు వచ్చేసినట్టే.

తిండి సంగతికొస్తే మెయిన్ స్క్వేర్‌లో హోటళ్ళు టూరిస్టుల కోసమే, రేటుకి తగ్గ రుచి లేదు. ప్యూర్ వెజ్ వాళ్ళు క్రేప్ (పల్చటి దోశ లాంటిది) చూసి సంతోషపడొద్దు, మామూలుగా ఆ పిండిలో గుడ్డు కలుపుతారు, బ్రెడ్డు కొనుక్కుని గోడ పక్కన గడ్డిలో కూర్చుంటే నయం. ఆ ప్రాంతం బ్రీ చీజ్ మాత్రం మిగతావాళ్ళకే, అందులో మామూలుగా దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్ వాడతారు. రోజా పూలకి ఈ ఊరు ఫేమస్, షాపుల నిండా రోజా జామ్, రోజా మిఠాయిలే, జామ్ నాకు మరీ తీపనిపించింది కానీ చిన్న సీసా ఒకటి కొని చూడొచ్చు.