సైడరా, మడ్డి బీరా, మాల్ట్ బీరా: వలస కాలపు అమెరికా ఇంటికి ఏది మేలు?

ముందే చెప్పేస్తే, యాపిల్ తోట కాపుకొచ్చిన ఇంటికి సైడర్ (పులిసిన యాపిల్ రసం) మేలు, తోట లేని ఇంటికి మడ్డి బీరు, అంటే చెరకు మడ్డి (మొలాసిస్)తో కాచే బీరు మేలు. మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ)తో చేసే బీరు రుచిలో అన్నిటికన్నా గొప్పదే, కానీ 18వ శతాబ్దపు పల్లె ఇంట్లో అది మోయలేని పని.

మాల్ట్ కోసం బార్లీని రెండు మూడు రోజులు నానబెట్టి, నేల మీద పరిచి, రోజూ తిరగేస్తూ మొలక రప్పించాలి. మొలక మరీ సాగితే గింజలోని పిండిని అదే తినేస్తుంది. తర్వాత బట్టీలో సన్నని సెగ మీద ఆరబెట్టాలి. సెగ ఎక్కువైతే పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు చచ్చిపోతాయి. మాల్ట్ కలిపే నీళ్లు మరీ వేడిగా ఉన్నా అదే నష్టం. థర్మామీటర్ లేని ఆ రోజుల్లో మరిగిన నీటిని కాసేపు వదిలేసి, ఆవిరి పలచబడి అందులో ముఖం కనిపించాక మాల్ట్ పోయడం ఇంగ్లీషు వాళ్ల పాత పద్ధతి. దక్షిణ కాలనీల్లో మాల్ట్ దొరకడమే కష్టం, చాలాసార్లు ఇంగ్లండ్ నుంచి ఓడలో రావాల్సిందే.

మడ్డి బీరుకు ఈ బాధలేవీ లేవు. జార్జ్ వాషింగ్టన్ 1757లో తన నోటు పుస్తకంలో రాసుకున్న పద్ధతి ఇది: పెద్ద జల్లెడ నిండా తవుడు, రుచికి సరిపడా హాప్స్ (బీరుకు చేదు రుచినిచ్చే పూలు) నీళ్లలో మూడు గంటలు మరిగించి 30 గ్యాలన్లు (సుమారు 113 లీటర్లు) తొట్టిలోకి వడకట్టాలి. 3 గ్యాలన్ల చెరకు మడ్డి పోయాలి. ఇంకా మేలు, మడ్డిని ముందే తొట్టిలో పోసి, మరిగే నీళ్లను దాని మీదికి వడకట్టడం. చిక్కటి మడ్డి అలా తేలిగ్గా కరుగుతుంది, పొయ్యి మీద అడుగంటే భయమూ ఉండదు. గోరువెచ్చగా అయ్యాక ఒక క్వార్ట్, అంటే లీటరుకు కాస్త తక్కువ ఈస్ట్ వేయాలి. తొందరపడి వేడిలో వేస్తే ఈస్ట్ చచ్చిపోతుంది. బాగా చలిగా ఉంటే దుప్పటి కప్పాలి. 24 గంటలకు పీపాలోకి మార్చి, పొంగు దాదాపు తగ్గేదాకా బిరడా పెట్టకూడదు. కాచిన వారానికి సీసాల్లోకి ఎత్తాలి. పులియడం ఆగకముందే సీసా బిగిస్తే పగులుతుంది.

హాప్స్ బదులు స్ప్రూస్ అనే సూదాకుల చెట్టు కొమ్మలూ వాడొచ్చు. బ్రిటిష్ సేనాని జెఫ్రీ ఆమ్హర్స్ట్ పద్ధతిలో 30 గ్యాలన్ల పీపాకు 7 పౌండ్ల స్ప్రూస్‌ను బెరడు ఊడేదాకా ఉడికించి, 3 గ్యాలన్ల మడ్డి కలుపుతారు. మడ్డి చవక. కానీ ఆ చవకకు మూల్యం చెల్లించింది కరీబియన్ చెరకు తోటల్లో చెమటోడ్చిన బానిసలు.

సైడర్‌కు పొయ్యీ అక్కర్లేదు, ఈస్టూ అక్కర్లేదు. మన కల్లులాగే దానంతటదే పులుస్తుంది. రాలిన పండ్లను కొన్నాళ్లు కుప్ప పోసి మెత్తబడనిచ్చి, గుర్రం తిప్పే గానుగలో నలిపి, ఆ పిప్పిని గడ్డి పొరల మధ్య పేర్చి పిండుతారు. 20 కిలోల పండ్లకు రెండు మూడు గ్యాలన్ల రసం వస్తుంది. పులిశాక మత్తు 5, 6 శాతం ఉంటుంది కాబట్టి పలచని మడ్డి బీరు కన్నా చాలా ఎక్కువ కాలం నిలుస్తుంది. పీపా వెలితిగా ఉంటే మాత్రం గాలి తగిలి వెనిగర్ అవుతుంది. అసలు చిక్కు ఎదురుచూపు: గింజ నుంచి పెంచిన చెట్టు కాయడానికి ఏళ్లు పడుతుంది.

1775 నవంబరులో కాంటినెంటల్ కాంగ్రెస్ (బ్రిటన్‌పై పోరాడుతున్న అమెరికా కాలనీల ప్రతినిధుల సభ) కూడా ఒక్కదానికే కట్టుబడలేదు. సైనికుడికి రోజుకు క్వార్ట్ స్ప్రూస్ బీరు లేదా సైడర్, అదీ కాకుంటే వంద మంది దళానికి వారానికి 9 గ్యాలన్ల మడ్డి ఇవ్వాలంది. లెక్క వేస్తే తేడా తెలుస్తుంది. తలకు రోజుకో క్వార్ట్ చొప్పున వారానికి 175 గ్యాలన్లు కావాలి. ఆమ్హర్స్ట్ పాళ్లలో 9 గ్యాలన్ల మడ్డికి వచ్చేది 90 గ్యాలన్లే. మడ్డి అందిన దళం సగం క్వార్ట్‌తో సరిపెట్టుకోవాలి, లేదా నీళ్లు రెట్టింపు చేసుకోవాలి.