వారసులు ఊళ్లో లేని పాత మేడ: ప్రభుత్వ రక్షణా, లీజు ఒప్పందమా?

ఒడిశాలోని పర్లాకిమిడిలోనో బరంపురంలోనో ఇలాంటి మేడ ఒకటి ఉందనుకోండి: తుప్పు పట్టిన తాళం, గోడ పగులులో రావి మొక్క, విశాఖలో కొందరు, అమెరికాలో కొందరు వారసులు. కాపాడాలనుకునే ఊరివాళ్లకు రెండు దారులున్నాయి: ప్రభుత్వం చేత రక్షిత కట్టడంగా ప్రకటింపజేయడం, లేదా వారసుల నుంచి లీజుకు తీసుకోవడం.

ఖర్చు: రక్షిత కట్టడమైతే భారం చాలావరకు ప్రభుత్వానిది, ఎదురుచూపు మనది. లీజుకు తీసుకుంటే చందాలు మనవే, కానీ వానలకు ముందే పెంకులు సర్దించవచ్చు.

శ్రమ: పాత కట్టడాలను కాపాడే 1958 నాటి కేంద్ర చట్టానికి నూరేళ్ల వయసు చాలదు, జాతీయ ప్రాధాన్యమూ ఉండాలి. ఏ గుమాస్తానో కట్టుకున్న మేడ అక్కడ నెగ్గుతుందని నేను ఆశపడను. ఒడిశాకు 1956 నాటి సొంత చట్టం ఉంది. ముందు అక్కడ అడగడం నయం. లీజుకు ప్రతి వారసుడి సంతకమూ కావాలి. ఏడాదికి మించితే రిజిస్ట్రేషన్ తప్పదు. తన తరఫున సంతకం పెట్టమని వారసుడు విదేశంలో రాసిన అధికారపత్రానికి (పవర్ ఆఫ్ అటార్నీ), అది భారతదేశానికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు సుంకం కట్టాలి. దీన్ని చాలామంది మరిచిపోతారు.

ముప్పు: కేంద్ర రక్షణ వస్తే చుట్టూ 100 మీటర్లలో కొత్త కట్టడాలు నిషేధం, ఇరుగుపొరుగు మండిపడతారు. లీజులో అసలు ముప్పు మన ఉత్సాహమే. సున్నపు గోడకు సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కి ఇటుక పొడిపొడిగా రాలిపోతుంది. సున్నం కలిపే ముసలి మేస్త్రీ దొరికేదాకా గోడ జోలికి పోవద్దు.

శిల్పమో శాసనమో ఉండి, వారసుల జాడ తెలియకపోతే ప్రభుత్వానికే దరఖాస్తు పెట్టండి. వారసులు ఫోను ఎత్తుతుంటే, కప్పు ఇంకా నిలిచి ఉంటే లీజే మేలు.