కోరాపుట్ చలికి పొట్టు పెల్లెట్లా, ఊక బ్రికెట్లా? కొనడం, మోయడం, దాచడం

డిసెంబరు మొదలు ఫిబ్రవరి నడిమి దాకా ఒడిశాలోని కోరాపుట్, సునాబేడ, సెమిలిగుడ, పొట్టంగి వైపు పొద్దు గూకితే ఇంట్లో నిప్పు ఉండాల్సిందే. కట్టెలు, బొగ్గుల బదులు వాడదగ్గ సరుకులు రెండు. ఒకటి రంపపు పొట్టును మరలో నొక్కి చేసిన 8 మిల్లీమీటర్ల పెల్లెట్లు, అంటే చిన్న గుళికలు. రెండోది రైసుమిల్లు ఊకను నొక్కి చేసిన 90 మిల్లీమీటర్ల లావు బ్రికెట్లు, అంటే దిమ్మలు. గది వెచ్చబెట్టుకోవడానికి మా మొగ్గు పెల్లెట్ల వైపే. అయితే అవి ఇంటికి పొడిగా చేరాలి, చివరి గుప్పెడు దాకా పొడిగా ఉండాలి. అది కుదరని ఇంట్లో ఎండిన నీలగిరి కట్టే నయం.

ముందు వేడి సంగతి. మంచి పొట్టు పెల్లెట్ కిలో కాలిస్తే దాదాపు 4,200 కిలో కేలరీలు వస్తాయి. ఊకకు 3,300 అనుకోండి. అంటే ఊక బ్రికెట్ ధర పెల్లెట్ ధరలో నాలుగింట మూడు వంతులకు దిగితేనే లాభం. అంతకు మించి అడిగితే చవకగా కనిపించినా చవక కాదు. పైగా ఊకలో బూడిద నూటికి 15 నుంచి 20 పాళ్ళు, అందులో ఎక్కువ భాగం ఇసుకలో ఉండే సిలికా. ఊక కాలిపోయినా బూడిద అదే ఆకారంలో గుల్లగా నిలబడి లోపలి నిప్పుకు గాలి అందనివ్వదు. ఇనుప చువ్వతో మాటిమాటికీ కదపాలి. కదిపినప్పుడల్లా సన్నటి దుమ్ము లేస్తుంది, అది ఊపిరితిత్తులకు మంచిది కాదు. అందుకే ఊక బ్రికెట్‌ను పడక గది పక్కకు రానివ్వొద్దు. ఇంటి వెనక నీళ్ళ బాయిలరుకు, ధాన్యం ఉడకబెట్టే పొయ్యికి మాత్రం అది చక్కటి సరుకు. జయపురం చుట్టూ మిల్లులున్నాయి కాబట్టి రవాణా కూడా కలిసొస్తుంది.

పలాస వైపు నుంచి నూనె తీసిన జీడిపిక్కల తొక్క కూడా ఇంధనంగా అమ్ముతారు. బాగా మండుతుంది. కానీ తొక్కలో మిగిలిన జీడినూనె ఆవిరై కళ్ళు, గొంతు మండిస్తుంది, చేతికి తగిలితే బొబ్బలెక్కుతాయి. ఇంట్లోకి వద్దే వద్దు.

పెల్లెట్లు కొనేటప్పుడు బస్తా మూతి దగ్గర సరుకు చూసి తృప్తిపడకండి, అడుగు నుంచి కిలో తీయించండి. 3 మిల్లీమీటర్ల కన్నాల జల్లెడలో పోస్తే 10 గ్రాములకు మించి పొడి రాలకపోతే మేలైన సరుకు. ఘాట్ ఎక్కి వచ్చిన బస్తాలో 20, 30 గ్రాముల దాకా సర్దుకోవచ్చు. పొడి ఎక్కువైతే పొయ్యి అడుగున గాలి వచ్చే జల్లి మూసుకుపోతుంది, గాలి తగ్గి పొగ మొదలవుతుంది. తర్వాత నాలుగు పెల్లెట్లు గ్లాసు నీళ్ళలో వేయండి. మునగాలి, కాసేపటికి ఉబ్బి మామూలు పొట్టుగా విడిపోవాలి. తేలితే సరిగా నొక్కలేదన్నమాట. జిగురు కంపు కొడితే ప్లైవుడ్ పొట్టు కలిసిందని అనుమానించి వదిలేయండి. కిందపోసి ఎత్తిన పొట్టులో మట్టి, ఇసుక ఉంటాయి. అవి నిప్పులో కరిగి చిట్టెం కట్టి జల్లికి అతుక్కుంటాయి.

తేమ విషయంలో మొహమాటం పనికిరాదు. 8 శాతం తేమ ఉండాల్సిన 50 కిలోల బస్తాలో 15 శాతం ఉందంటే మూడున్నర కిలోల నీళ్ళకు డబ్బు కట్టినట్టే. ఆ నీళ్ళు ఆవిరవడానికి మళ్ళీ మీ పెల్లెట్ల వేడే పోతుంది.

ఎంత కావాలి? పన్నెండడుగుల గదికి పొగగొట్టమున్న చిన్న పెల్లెట్ పొయ్యిలో గంటకు 600 గ్రాములు వేస్తే గదికి సుమారు 2 కిలోవాట్ల వేడి అందుతుంది. రోజుకు నాలుగు గంటలకు 2.4 కిలోలు. 75 రోజుల చలికి 180 కిలోలు, చేతిలో కొంచెం ఉండాలి కాబట్టి 200. టాటా ఏస్ బండి 750 కిలోల దాకా మోస్తుంది. మూడు ఇళ్ళవాళ్ళు కలిసి తెప్పించుకుంటే కిరాయి మూడో వంతుకు దిగుతుంది.

తెప్పించే నెల కూడా ముఖ్యమే. అక్టోబరులో వద్దు. 2014లో హుద్‌హుద్ తుఫాను అక్టోబరు 12న, 2018లో తిత్లీ తుఫాను అక్టోబరు 11న తీరం దాటాయి. ఆ రోజుల్లో ఘాట్ మీద బండి ఇరుక్కుంటే సరుకంతా ముద్దే. ఏప్రిల్, మే నెలలు మేలు. లేదా నవంబరు నెలాఖరు, వానలు పూర్తిగా వెనకబట్టాక. బండి అడుగున ముందు బరకం పరిచి, బస్తాలు పడుకోబెట్టి, పైన ఇంకో బరకం కప్పి తాళ్ళతో బిగించమనండి. మంచు తడి కింది నుంచీ ఎక్కుతుంది. కళాసీలు బస్తాలు పైనుంచి విసిరితే పెల్లెట్లు విరిగి పొడవుతాయి. దించడానికి పది రూపాయలు ఎక్కువైనా చేతికి చేయి అందించి దించమని ముందే మాట్లాడుకోండి.

ఇక దాచడం. డబ్బు మిగిలేదీ పోయేదీ ఇక్కడే. ఉత్త ప్లాస్టిక్ బస్తా చాలదు, లోపల పాలిథిన్ సంచి ఉండాలి. జూలై, ఆగస్టుల్లో కొండ మీది గాలిలోనే తడి ఉంటుంది. మూతి వదులుగా కట్టిన బస్తాలో పెల్లెట్లు వాన చుక్క పడకపోయినా మెత్తబడి పొడి రాలుస్తాయి. అన్నింటికంటే నమ్మకమైంది రింగు మూత ఉన్న 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము. ఒక్కోదానిలో 130 కిలోలు పడతాయి, రెండుంటే సీజనంతా సరి. ఎలుక, చెద, తడి మూడింటికీ ఒకే మందు. రసాయనాలు మోసిన డ్రమ్ము మాత్రం కొనొద్దు, నూనె వాసన ఉన్నదీ వద్దు. బస్తాలుగానే ఉంచాల్సి వస్తే ఇటుకల మీద చెక్కలు వేసి నేల నుంచి అడుగు ఎత్తున, గోడకు జానెడు ఎడంగా పేర్చండి. పెంకుటింట్లో చూరు కింద వద్దు, జల్లు కొడుతుంది.

పడక గదిలోనో, గాలాడని అటక మీదో నిల్వ పెట్టకండి. కొత్త పెల్లెట్ల గుట్ట నుంచి కొద్దికొద్దిగా కార్బన్ మోనాక్సైడ్ అనే విష వాయువు వస్తుంది. దానికి వాసన లేదు. పెద్ద నిల్వలున్న మూసిన గదుల్లో మనుషులు చనిపోయిన సందర్భాలున్నాయి. నాలుగు బస్తాలకు అంత భయం లేదు గానీ, వసారానో గాలాడే గదో చాలు కదా. పొయ్యి దగ్గరికి రోజువారీ సరుకు 10 లీటర్ల బకెట్లో తెచ్చుకోండి. ఆరున్నర కిలోలు పడుతుంది, రెండు మూడు సాయంత్రాలకు వస్తుంది. ఆ బకెట్‌నూ పొయ్యికి గజం దూరంలో ఉంచండి.

పెల్లెట్లను మామూలు కుంపట్లో పోసి తలుపులు బిగించుకోవడం ప్రాణాపాయం. పొగగొట్టం గోడ దాటి బయటికి వెళ్ళాలి, అయినా కిటికీ కాస్త తెరిచే ఉంచాలి. తలనొప్పి, వికారం మొదలైతే నిద్రమత్తు అనుకోకుండా వెంటనే అందరూ బయటికి రావాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొని పడక గదిలో పెట్టుకోండి. దానికి పెట్టే డబ్బు దగ్గర వెనకాడొద్దు.

బూడిద తెల్లారాక కూడా నిప్పు దాచుకుంటుంది. మూత ఉన్న ఇనుప బకెట్లో పోసి, ఆరుబయట ఒక రోజు ఉంచి, తర్వాతే కూరపాదుల్లో చల్లండి.