ఆమ్‌ట్రాక్ స్లీపర్ ఛార్జీ: సగం లెక్క మనిషిది, సగం గదిది

అమెరికా ప్రయాణికుల రైలు సంస్థ ఆమ్‌ట్రాక్ నడిపే దూరప్రయాణ రైళ్లలో కొన్నేళ్లుగా స్లీపర్ గదుల్లోనే తిరుగుతున్నాను. ఆ ఛార్జీ ఎక్కువా, సబబా అని ఎవరైనా అడిగితే, ఎంతమంది వెళ్తున్నారో, టికెట్ ఎప్పుడు కొంటున్నారో తెలియనిదే నేను జవాబు చెప్పలేను.

ఈ ధరలో రెండు పద్దులు కలిసి ఉంటాయి. ప్రయాణ ఛార్జీ మనిషికింత చొప్పున పడుతుంది. గది ఛార్జీ మాత్రం గది మొత్తానికి ఒక్కసారే పడుతుంది. ఇద్దరు పట్టే రూమెట్ అనే చిన్న గదిని ఒక్కరే తీసుకున్నా గది సొమ్మంతా ఆ ఒక్కరే భరించాలి, ఎందుకంటే ఖాళీగా ఉన్న పై బెర్తును ముక్కూ మొహం తెలియని మరొకరికి అమ్మరు. తోడు ఉంటే ఆ రెండో మనిషి ప్రయాణ ఛార్జీ ఒక్కటే అదనం. అందువల్ల ఒంటరివాడికి గుండె గుభేలుమనిపించే ధర దంపతులకు న్యాయంగానే తోస్తుంది.

గది ధర స్థిరంగా ఉండదు. ఒకే రకం గదికి కొన్ని ధరల మెట్లు ఉంటాయి; గదులు అమ్ముడవుతున్న కొద్దీ ధర పై మెట్టుకు ఎక్కుతుంది, ఒక్కోసారి దిగుతుంది కూడా. పండుగ సెలవులకు ఆలస్యంగా వెతికేవారికి పై మెట్టే మిగులుతుంది.

ఆ ధరలోనే డైనింగ్ కారు భోజనం కలిసి ఉంటుంది. షికాగో నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి ఎమరీవిల్ దాకా 2,438 మైళ్లు, రెండు రాత్రులు సాగే కాలిఫోర్నియా జెఫైర్ రైల్లో ఇది చిన్న విషయం కాదు. మితంగా తినే నాకు మాత్రం ఆ లాభం పూర్తిగా దక్కదు.

రూమెట్‌లో పగలు ఎదురెదురుగా ఉండే రెండు సీట్లను రాత్రికి దగ్గరకు లాగి కింది బెర్తుగా పరుస్తారు. జెఫైర్‌లోని రెండంతస్తుల పెట్టెల్లో రూమెట్‌కు సొంత మరుగుదొడ్డి ఉండదు, స్నానానికి కింది అంతస్తుకు దిగాలి. ఆ సౌకర్యాలు లోపలే ఉన్న, బెడ్‌రూమ్ అనే పెద్ద గది ధర ఒక్కరికి దండగని నా అభిప్రాయం.

ఖర్చు తగ్గించుకోదలచినవారు మొదటి రాత్రికి మాత్రమే గది తీసుకుని, దారిలో వచ్చే డెన్వర్ నగరం నుంచి కోచ్ సీటులో, అంటే మామూలు కూర్చునే సీటులో, వెళ్లవచ్చు. అయితే దూరం సగమైనంత మాత్రాన గది ధర సగం కాదు కాబట్టి రెండు విధాలా ధర చూశాకే కొనాలి. అలా కొన్నవారు తెల్లవారి డెన్వర్‌లో సామానుతో పెట్టె మారాలి, అక్కడి నుంచి భోజనం సొంత ఖర్చు, రెండో రాత్రి నిద్ర సీటులోనే.