పెల్లెట్ ప్లాంట్ కూలర్ వేడి: డక్టుల సంగతి సరే, సీళ్లు చూశారా?

ఇనుప ఖనిజం పొడిని ఉండలు (పెల్లెట్లు) చేసి, కదిలే పట్టీ (గ్రేట్) మీద ఆరబెట్టి వేడిచేసి, తిరిగే కొలిమి (కిల్న్)లో కాల్చేదే గ్రేట్-కిల్న్ పెల్లెట్ ప్లాంట్. అందులో కాలిన ఉండలను చల్లార్చే గుండ్రటి కూలర్ నుంచి వేడిగాలిని వెనక్కి మళ్లించే ఏర్పాటుకు మంచి మార్కులే వేయొచ్చు. 1250 డిగ్రీల దగ్గర కిల్న్ నుంచి పడే టన్ను పెల్లెట్లలో సుమారు 1.1 గిగాజౌల్ వేడి ఉంటుంది. అంటే దాదాపు 27 కిలోల ఫర్నేస్ ఆయిల్! కిరండూల్ నుంచి 267 కి.మీ. పైపులైన్లో విశాఖకు వచ్చే బైలడిల్లా ఖనిజం లాంటి హెమటైట్‌కు (అప్పటికే పూర్తిగా ఆక్సీకరణ అయిన ఇనుప ఖనిజానికి) ఈ వేడి మరీ అవసరం. మాగ్నటైట్ అనే మరో రకం ఇనుప ఖనిజం అయితే ఆక్సీకరణలో తనే కిలోకు 500 కిలోజౌల్ దాకా ఇస్తుంది, హెమటైట్ ఏమీ ఇవ్వదు.

పని తీరు సులువే. కూలర్ మొదటి భాగపు గాలి వెయ్యి డిగ్రీలకు అటూఇటూగా నేరుగా కిల్న్‌లోకి పోయి బర్నర్‌కు దహన గాలి అవుతుంది. రెండోది గ్రేట్ మీద ఉండలను కాల్చేముందు వేడిచేసే ప్రీహీట్‌కు, మూడోది పచ్చి ఉండలను కిందినుంచి ఆరబెట్టడానికి. చివరి భాగపు గాలి వంద, నూటయాభై డిగ్రీలే. దానికి బాయిలర్ పెట్టమని ఎవరైనా అమ్మజూపితే వద్దనండి.

అసలు తంటా సందులు మూసే సీళ్లతోనే. ప్రీహీట్ కింద విండ్‌బాక్సుల్లో (గ్రేట్ కింద వాయువును లాగే పెట్టెల్లో) బయటికన్నా తక్కువ పీడనం ఉంటుంది. గ్రేట్ అంచుల సీల్ అరిగితే బయటి గాలి లోపలికి లాగేసుకుంటుంది. 400 డిగ్రీల వాయువు 100 పాళ్లకు 30 డిగ్రీల గాలి 20 పాళ్లు కలిస్తే మిగిలేది 338 డిగ్రీలే. పైగా ఫ్యాన్ ఆ దొంగగాలిని కూడా మోయాలి, కరెంటు బిల్లు పెరుగుతుంది. పట్టుకోవడం తేలికే: విండ్‌బాక్సులోనూ ఫ్యాన్ ముందూ ఆక్సిజన్ శాతం కొలవండి, తేడా ఉంటే ఆ మధ్యలోనే కంత ఉంది.

రెండో సమస్య ఆరబెట్టే దగ్గర. 9 శాతం తేమ ఉన్న ఉండల్లోకి గాలి మరీ వేడిగా, జోరుగా పోతే లోపలి ఆవిరికి దారి చాలక ఉండ పగులుతుంది. మరోపక్క, కింది పొర నుంచి లేచిన ఆవిరి చల్లటి పై పొరలో మళ్లీ నీరై, ఉండలు మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి. అందుకే కిందినుంచి కొంతసేపు, తర్వాత పైనుంచి గాలి పంపుతారు. చల్లగాలి కలిపే డ్యాంపర్ (గాలిని తగ్గించి పెంచే తలుపు) లేని కొటేషన్ చౌకగానే కనిపిస్తుంది, తీసుకోకండి. పగిలిన పొడి ఫ్యాన్ రెక్కలు అరగదీస్తుంది కాబట్టి ఫ్యాన్‌కు ముందు పొడిని వేరుచేసే మల్టీక్లోన్ ఉందో లేదో కూడా డ్రాయింగ్‌లోనే చూసుకోండి.